పాత బుల్లెట్ హెడ్‌కు ఫిన్ విరిగితే అతికించాలా, వదిలేయాలా?

పాత బండి బేరంలో విరిగిన ఫిన్‌కు, అంటే ఇంజన్ చల్లబడటానికి బయట వరసగా ఉండే పలకల్లో ఒకదానికి, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పలుకుబడి ఉంది. ట్యాంకు మీది సొట్టలు, తుప్పు పట్టిన మడ్‌గార్డు, నడవని స్పీడోమీటర్ అన్నీ మాఫీ. ఇంజన్‌కు పైమూతలాంటి సిలిండర్ హెడ్ మీద వేలెడంత ముక్క ఎగిరిపోయి కనిపిస్తే మాత్రం కొనేవాడు వెంటనే ధర తగ్గిస్తాడు. "ఫిన్ పోయిందంటే ఇంజన్ వేడెక్కుతుంది, హెడ్ ఖరాబైనట్టే" అన్న మాట నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా ఏ మెకానిక్ షెడ్డులోనైనా వినిపిస్తుంది. ఆ భయంతోనే కొందరు బండి ఇంటికి రాగానే హెడ్ విప్పించి వెల్డింగ్‌కు పంపుతారు. అలా వెళ్లిన హెడ్లలో కొన్ని కొత్త ఫిన్‌తో పాటు కదిలిన వాల్వు సీటుతో (వాల్వు ఆనుకుని మూసుకునే రింగు), వంకరపోయిన గ్యాస్కెట్ ముఖంతో (కింద పిస్టన్ ఆడే బ్లాక్‌కు ఆనే వైపు) తిరిగొస్తాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

కాబట్టి ఫిన్‌ను ఎలా అతికించాలన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఆ ముక్క లేకపోవడం వల్ల ఇంజన్‌కు నిజంగా ఎంత నష్టం? దీనికి లెక్క ఉంది, పెద్ద కష్టమైన లెక్క కూడా కాదు.

ముక్క పోతే పోయే చల్లదనం ఎంత

ఇంజన్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే వేడిలో చక్రం దాకా పనిగా చేరేది స్థూలంగా నాలుగో వంతే. మిగతా దాంట్లో పెద్ద భాగం సైలెన్సర్ గుండా పోతుంది. ఇంకొంత ఆయిల్ తీసుకుంటుంది, మిగిలింది ఫిన్ల మీదుగా గాలిలో కలవాలి. వేడి లోహంలో ప్రయాణించడం తేలిక, లోహం నుంచి గాలిలోకి దూకడం కష్టం. ఆ కష్టాన్ని పూడ్చడానికే ఉపరితలాన్ని పెంచుతూ అన్ని పలకలు పోత పోస్తారు.

ఫిన్ మొదట్లో ఎంత వేడి ఉంటుందో కొసన అంత ఉండదు. 30 మిల్లీమీటర్ల పొడవు, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ఫిన్‌ను తీసుకుని, బండి మామూలు వేగంలో పోతున్నప్పుడు తగిలే గాలితో లెక్క కట్టి చూద్దాం. మొదట్లో బయటి గాలి కన్నా 100 డిగ్రీలు ఎక్కువ వేడి ఉంటే, పోత అల్యూమినియం ఫిన్ కొసన ఆ తేడా సుమారు 90 డిగ్రీలు ఉంటుంది. అదే బీడు (పోత ఇనుము) ఫిన్ అయితే 70 దగ్గరికి దిగుతుంది. బీడు కన్నా పోత అల్యూమినియం దాదాపు మూడు రెట్లు బాగా వేడిని మోసుకుపోతుంది, అందుకే ఈ తేడా. అంటే అల్యూమినియం హెడ్‌లో ఫిన్ కొస కూడా మొదలుతో దాదాపు సమానంగా పనిచేస్తుంది. విరిగిన ముక్కకు దాని వైశాల్యం మేరకే విలువ కట్టాలి, ఎక్కువా తక్కువా అక్కర్లేదు. బీడు బ్లాక్‌లో కొస పోతే నష్టం ఇంకా తక్కువ.

ఇప్పుడు వైశాల్యం సంగతి. మూడు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల లోతు ముక్క ఎగిరిపోయిందనుకుందాం. చూడటానికి అది పెద్ద దెబ్బే. రెండు వైపులా కలిపి పోయింది 12 చదరపు సెంటీమీటర్లు. హెడ్, బ్లాక్ ఫిన్ల ఉపరితలం మొత్తం కలిపి 2000 చదరపు సెంటీమీటర్లు అని ఉజ్జాయింపుగా పెట్టుకుంటే, నష్టం నూటికి ఒకటి కూడా కాదు, 0.6 శాతం.

దీని పక్కన మన ఎండను పెట్టి చూడాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండలో మే నెల చివర 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఫిన్ల సగటు వేడి 150 డిగ్రీలు అనుకుంటే, 25 డిగ్రీల చలికాలపు పొద్దున గాలికీ ఫిన్‌కూ తేడా 125. మే నెల మధ్యాహ్నం ఆ తేడా 105కు పడిపోతుంది. ఫిన్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్న ఇంజన్ కూడా కేవలం ఎండ వల్ల చల్లబడే శక్తిలో 16 శాతం పోగొట్టుకుంటుంది. అలాంటి ఎండలో నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా నిబ్బరంగా నడిచే బండి, అర శాతం నష్టానికి ఆగిపోదు.

బండి నిజంగానే వేడెక్కుతుంటే కారణం ఎక్కువగా వేరే చోట దొరుకుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ కొట్టే వేళ) వెనకబడితే మంట ఆలస్యంగా మండి ఆ వేడంతా ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే దారి) మీద పడుతుంది. కార్బురేటర్ జెట్ సగం మూసుకుపోయి మిశ్రమం పలచబడినా అదే గతి. బ్రేకు పట్టుకుని ఉండటం, ఆయిల్ తక్కువ కావడం, వాల్వులను తెరిచే ట్యాపెట్లు బిగుసుకుని ఉండటం కూడా ఉంటాయి. అన్నిటికన్నా మామూలు కారణం మట్టి. పొలం గట్ల మీద తిరిగే బండికి ఫిన్ల మధ్య ఎర్రమట్టో నల్లరేగడో పేరుకుని, ఆయిల్ లీకుతో కలిసి గట్టిపడుతుంది. మూడు మిల్లీమీటర్ల మందాన ఎండిన మట్టి ఉన్న చోట వేడికి అడ్డు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. గాలి పోయే సందు ఇరుకైపోవడం దానికి అదనం. వందలు, వేలు పెట్టి ఫిన్ అతికించే ముందు ఓ పాత టూత్‌బ్రష్షు, కాస్త డీజిల్ పట్టుకుని గంటసేపు కూర్చుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. వేడి ఇంజన్ మీద బోరు నీళ్లు కొట్టి కడిగే అలవాటు మాత్రం మానుకోవాలి. బీడు ఆ దెబ్బకు పగలొచ్చు.

ఏ విరుపును పట్టించుకోవాలి

లెక్క ఇలా ఉందని విరిగిన ప్రతి ఫిన్‌ను వదిలేయమని అర్థం కాదు. చూడాల్సింది ముక్క సైజు కన్నా పగులు ఎటు నడుస్తోందన్నది. ఫిన్ కొసన ఎగిరిన ముక్క అక్కడితో ఆగిపోయిన కథ. ఫిన్ మొదట్లో సన్నటి గీతలా మొదలై హెడ్ ఒంట్లోకి పాకుతున్న పగులు వేరు. అది హెడ్‌ను బిగించే స్టడ్ రంధ్రం వైపో, ప్లగ్ మరల వైపో, ఎగ్జాస్ట్ పోర్టు వైపో పోతుంటే ఇక దాన్ని ఫిన్ రిపేరు అనకూడదు, హెడ్ రిపేరు అనాలి. అది ఇంజన్ హెడ్లు బాగుచేయడంలో చేయి తిరిగినవాళ్ల పని.

కంటికి ఆనని పగులు పట్టడానికి డై పెనిట్రెంట్ స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. శుభ్రంగా తుడిచిన చోట ఎర్ర రంగు కొట్టి, కాసేపాగి తుడిచేసి, పైన తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్ర గీత పైకి తేలుతుంది. పగులు ఫిన్‌లోనే ఉండి ఇంకా ఒంటిని తాకకపోతే, దాని చివర సరిగ్గా రెండు, మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే చాలావరకు అక్కడే ఆగుతుంది. పగులు మొన దగ్గర కేంద్రీకృతమయ్యే ఒత్తిడి ఆ గుండ్రటి అంచు మీద పరుచుకుంటుంది.

ఇంకో సందర్భం ఎగ్జాస్ట్ వైపు వరసగా రెండు మూడు ఫిన్లు మొదలంటా ఊడిపోయినప్పుడు. హెడ్‌లో అన్నిటికన్నా వేడెక్కేది ఆ మూలే. అక్కడ అంత వైశాల్యం పోతే మొత్తం లెక్కలో శాతం చిన్నదిగా కనిపించినా ఆ చోటికి అది పెద్ద నష్టం. అది చేయించుకోదగ్గ రిపేరు.

ఫిన్లు విరిగే తీరు కూడా కథ చెబుతుంది. సైడ్ స్టాండు జారి బండి షాబాద్ బండ మీద పడితే దెబ్బ హెడ్ పక్క అంచున ఉంటుంది, ఫిన్ ఒకవైపు వంగి ఉంటుంది. హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య సందులో, రెండు ఫిన్లు ఎదురెదురుగా ఒకే చోట చిట్లి ఉంటే అది కింద పడ్డ దెబ్బ కాదు. గ్యాస్కెట్‌కు పట్టేసిన హెడ్‌ను ఊడదీయడానికి ఎవరో పెద్ద స్క్రూడ్రైవర్ దూర్చి లేపారన్నమాట. అంచున స్క్రూడ్రైవర్ మొన వెడల్పుతో సమానంగా నొక్కిన గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనిపించిన హెడ్‌కు గ్యాస్కెట్ ముఖం మీద కూడా గీతలు ఉంటాయేమో వెతకాలి. ఫిన్ కన్నా ఆ గీత ఖరీదైంది, కంప్రెషన్ లీకయ్యేది అక్కడే. హెడ్ పట్టేస్తే నట్లన్నీ తీశాక చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టడం, లేదా ప్లగ్ బిగించే ఉంచి కిక్ కొట్టి కంప్రెషన్‌తో లేపడం సరైన దారి.

ముందు లోహం తెలియాలి

మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్లలో, ఆ పాత నమూనా ఇంజన్ నడిచినన్నాళ్లూ, బ్లాక్ బీడుది, హెడ్ అల్యూమినియంది. మైసూరు ఐడియల్ జావా వారి జావా, ఎజ్డీలలోనూ బీడు బ్లాక్ మీద అల్యూమినియం హెడ్ కూర్చుంటుంది. ఒకే ఇంజన్‌లో పైన ఒక లోహం, కింద ఇంకోటి. రెండిటి రిపేరుకూ పొంతన లేదు. అనుమానం ఉంటే చిన్న అయస్కాంతం ఆనించి చూడాలి. బీడుకు అంటుకుంటుంది, అల్యూమినియానికి అంటుకోదు. పాత బ్లాకులకు వెండి రంగు పూసి హెడ్‌తో కలిపేసిన వాళ్లు ఉన్నారు కాబట్టి కంటి చూపును నమ్మకూడదు.

ఆర్ఎక్స్ 100 లాంటి బండ్లలో ఫిన్ల మధ్య రబ్బరు ముక్కలు ఉంటాయి. అవి ఊడిపోయినా పట్టించుకోని వాళ్లే ఎక్కువ. పలచటి ఫిన్లు ఇంజన్ అదురుకు ఖంగుమని మోగకుండా ఆపడం వాటి పని. ఫిన్ రిపేరుకు బ్లాక్ తీసినప్పుడు అవి తప్పకుండా పక్కన తీసి దాచాలి, మంట తగిలితే కాలిపోతాయి.

వంగిన ఫిన్‌ను నిలబెట్టడం

విరగకుండా వంగిన అల్యూమినియం ఫిన్ దగ్గర చాలామంది తొందరపడతారు. పట్టకారుతో పట్టి ఒక్క గుంజు గుంజితే టక్కుమని చేతిలోకి వస్తుంది. పోత అల్యూమినియం రేకు అల్యూమినియంలా సాగదు. దెబ్బకు ఒకసారి వంగినప్పుడే దానిలో ఉన్న కాస్త సాగే గుణమూ ఖర్చైపోయి ఉంటుంది. రెండోసారి వంచాలంటే వేడి చేయక తప్పదు.

ఎంత వేడి అన్నదానికి పాత షెడ్లలో వాడే గుర్తు బట్టల సబ్బు. ఫిన్ మీద సబ్బు బిళ్ల గట్టిగా రుద్ది, గ్యాస్ మంటను మెత్తగా పెట్టి, వంపు ఉన్న చోటు చుట్టూ ఆడిస్తూ వేడి చేయాలి. మంట ఒక్క చోట నిలబడకూడదు. సబ్బు గీత ముందు పసుపు, తర్వాత గోధుమ రంగు, ఆపైన ముదురు గోధుమ రంగులోకి మారుతుంది. నల్లబడుతుంటే 350 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చినట్టు, మంట వెంటనే తీసేయాలి. అల్యూమినియం కరిగే ముందు ఇనుములా ఎర్రబడదు. పగటి వెలుతురులో ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా కుంగిపోతుంది. సబ్బు గుర్తు లేకుండా చేసేవాడికి ఆ సంగతి ముక్క కింద పడ్డాకే తెలుస్తుంది.

వేడి మీదే, స్క్రూ స్పానర్ నోరు ఫిన్ మందానికి సరిపడా బిగించి, వంపు మొదలైన చోటుకు వీలైనంత దగ్గరగా పట్టి, కొంచెం లేపి ఆగాలి. మళ్లీ వేడి, మళ్లీ కొంచెం. ఒకే దిశలో లేపాలి. ఎక్కువ లేచిందని వెనక్కి, మళ్లీ ముందుకు ఆడిస్తే పగులు ఖాయం. పక్క ఫిన్‌తో సందు సమానంగా వచ్చిందా లేదా అని చూడటానికి ఆ సందుకు సరిపడా గట్టి చెక్క ముక్క చెక్కి దూర్చి చూస్తే కొలత తప్పదు. తొంభై శాతం నిటారుగా వచ్చాక ఆపేయడం తెలివైన పని. మిగతా పది శాతం కోసం పోరాడి మొత్తం పోగొట్టుకున్న ఫిన్లు ఎన్నో.

ఈ వేడి ఫిన్ వరకే ఉండాలి. హెడ్ మొత్తాన్ని అంత కాలిస్తే లోపల బిగించి కూర్చోబెట్టిన ఇనుప వాల్వు సీట్లు వదులవుతాయి. ఇనుము కన్నా అల్యూమినియం రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక సీటు చుట్టూ పట్టు సడలుతుంది. వేడి చికిత్సతో గట్టిపరిచిన హెడ్ అయితే మెత్తబడుతుంది కూడా. ఫిన్ మెత్తబడితే ఫరవాలేదు, దాని మీద బరువేమీ లేదు. స్టడ్ రంధ్రాల దగ్గర మెత్తబడితే నట్టు బిగువు నిలవదు.

ఆర్గాన్ అన్న ప్రతి బోర్డూ ఒకటి కాదు

ఊడిన ముక్కను అల్యూమినియం హెడ్‌కు సరిగ్గా అతికించే దారి ఒక్కటే, ఆర్గాన్ వెల్డింగ్. ఇప్పుడు చిన్న టౌన్‌లో కూడా ఆర్గాన్ వెల్డింగ్ బోర్డులు కనిపిస్తాయి. ఇళ్లకు స్టీల్ రైలింగులు, గేట్లు పెట్టించుకోవడం పెరిగాక వచ్చిన షాపులు ఇవి. అక్కడ మిషన్లు ఎక్కువగా డీసీవి. స్టీల్‌కు అవి చాలు, అల్యూమినియానికి పనికిరావు. అల్యూమినియం మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఎప్పుడూ ఉంటుంది. లోపలి లోహం 600 డిగ్రీల లోపే కరగడం మొదలుపెడుతుంది, పైపొర కరగడానికి 2000 డిగ్రీలు దాటాలి. ఏసీ కరెంటులో సగం చక్రం ఆ పొరను చీల్చి శుభ్రం చేస్తుంది, మిగతా సగం లోహాన్ని కరిగిస్తుంది. డీసీతో ప్రయత్నిస్తే పైన తోలు, లోపల నీరు అన్నట్టు ముద్దలు ముద్దలుగా మిగులుతుంది.

అందుకే షాపులో అడగాల్సిన మొదటి మాట "అన్నా, మీది ఏసీ ఆర్గానా, డీసీనా?" అని. రెండోది, ఇంతకుముందు ఇంజన్ హెడ్లు చేశారా అని. కారు అల్లాయ్ వీల్స్ బాగుచేసేవాళ్లు, లారీ, ట్రాక్టర్ హెడ్లు చేసే లేత్ షాపులవాళ్లు ఈ పనికి నమ్మదగినవాళ్లు. దగ్గర్లో దొరక్కపోతే హైదరాబాద్ తీసుకుపోవడమే మేలు. రైలింగ్ పనిలో ఎంత నేర్పరి అయినా పాత హెడ్ అనగానే చేయి తడబడుతుంది, ఎందుకంటే పోత లోహం స్పాంజిలా ఆయిల్ తాగి ఉంటుంది.

దశాబ్దాలుగా ఆ రంధ్రాల్లో దిగిన ఆయిల్ ఆర్క్ తగలగానే మరిగి నల్లటి మసిగా, బుడగలుగా పైకి తేలుతుంది. వెల్డర్ ఎంత మంచివాడైనా ఈ మసి మీద వెల్డింగ్ గీత నిలవదు. కాబట్టి పనిలో సగం ముందే జరిగిపోవాలి. హెడ్‌లో విప్పగలిగినవన్నీ విప్పి, గ్రీజు కరిగించే ద్రావణంతో కడిగి, 150 నుంచి 200 డిగ్రీల మధ్య ఓవెన్‌లో పెడితే ఆయిల్ చెమటలా బయటికి కారుతుంది. తుడిచి మళ్లీ పెట్టాలి. పౌడర్ కోటింగ్ షాపుల ఓవెన్లు సరిగ్గా ఈ వేడిలోనే పనిచేస్తాయి, పొగ వచ్చే హెడ్‌ను లోపల పెట్టనిస్తారా అన్నది మాటకారితనాన్ని బట్టి. ఆఖరున అసిటోన్‌తో తుడిచి, అల్యూమినియానికి మాత్రమే వాడే కొత్త స్టెయిన్‌లెస్ వైరు బ్రష్షుతో రుద్దాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ స్ప్రేలు మాత్రం ఈ పనికి అస్సలు వద్దు. వాటి తడి మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఊడిన ముక్క దాచి ఉంచితే అదృష్టం. లేకపోతే అదే రకం పనికిరాని హెడ్ ఒకటి పాత సామాన్ల దుకాణంలో వెతికి, దాని ఫిన్ కోసి వాడితే లోహమూ కలుస్తుంది, మందమూ కలుస్తుంది, పోత గరుకుతనమూ కలుస్తుంది. రెండు అంచులూ ఆకురాయితో వాలుగా చెక్కి వీ ఆకారపు గాడి వచ్చేలా ఎదురెదురుగా పెట్టాలి. కింద రాగి పలక ఆనించాలి. రాగికి అల్యూమినియం పట్టదు, పైగా అది అదనపు వేడిని లాగేస్తుంది, కరిగిన లోహం పక్క ఫిన్ మీద కారకుండా ఆపుతుంది. కరిగించి నింపే కడ్డీగా సిలికాన్ 5 శాతం ఉన్న 4043 రకం ఇలాంటి పోత హెడ్లకు బాగా కుదురుతుంది. హెడ్‌ను 150 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచుకుంటే తక్కువ కరెంటుతో పని అయిపోతుంది. చల్లటి హెడ్ మీద మొదలుపెడితే లావుపాటి ఒళ్లు వేడినంతా పీల్చేస్తుంది, వెల్డర్ కరెంటు పెంచుతాడు, అప్పుడు పలచటి ఫిన్ అంచు కారిపోతుంది.

వెల్డింగ్ చేసేటప్పుడు హెడ్‌ను గాలికి వదిలేయకూడదు. మందపాటి ఇనుప పలకకో, పనికిరాని పాత బ్లాక్‌కో నట్లతో బిగించి ఉంచితే గ్యాస్కెట్ ముఖం వంకరపోయే అవకాశం తగ్గుతుంది. ప్లగ్ రంధ్రంలో పాత ప్లగ్ ఒకటి బిగించి ఉంచితే మరలు చెడవు. గీతలు చిన్నచిన్నగా, మధ్యమధ్య ఆగుతూ వేయాలి. పని అయ్యాక ఆస్బెస్టాస్ లేని, వేడి తట్టుకునే దుప్పటిలోనో పొడి ఇసుకలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి, ఫ్యాను కింద పెట్టకూడదు.

బీడు బ్లాక్ సంగతి

బీడు వంగదు, విరుగుతుంది. కాబట్టి నిలబెట్టే ప్రశ్నే లేదు. ఊడిన ముక్కను నికెల్ కడ్డీతో ఆర్క్ వెల్డింగ్ చేయవచ్చు, లేదా గ్యాస్ మంటతో ఇత్తడి కడ్డీ పెట్టి బ్రేజింగ్ చేయవచ్చు. బ్రేజింగ్‌లో బీడు కరగదు, 900 డిగ్రీల దగ్గర కరిగే ఇత్తడి రెండు అంచులనూ పట్టుకుంటుంది. బ్లాక్‌కు ఎలాగూ నల్ల రంగు పడుతుంది కాబట్టి ఇత్తడి గీత కనపడదు. నికెల్ కడ్డీ అయితే ఒకసారికి రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా వేసి, వేడి మీదే చిన్న సుత్తితో మెల్లగా కొట్టాలి. చల్లారేటప్పుడు గీత ముడుచుకుని పక్కన కొత్త పగులు తేకుండా ఆ దెబ్బలు సర్దుతాయి. తర్వాత బ్లాక్‌ను సున్నంలోనో బూడిదలోనో పూడ్చి రాత్రంతా వదిలేయాలి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు వరస తప్పడం. ముందు బోరింగ్ (సిలిండర్ లోపలి రంధ్రం కోసి పెద్దది చేయడం) చేయించి, కొత్త పిస్టన్ కొని, ఆ తర్వాత ఫిన్ గుర్తొచ్చి వెల్డింగ్‌కు పంపుతారు. ఆ వేడికి బోరు గుండ్రదనం పోతుంది. ఫిన్ పని ఎప్పుడూ బోరింగ్‌కు ముందు, అలాగే హెడ్‌లో సీట్ల కటింగుకు ముందు.

ఆన్‌లైన్‌లో దొరికే అల్యూమినియం అతుకు కడ్డీల గురించి క్లుప్తంగా. గ్యాస్ బర్నర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చని వీడియోల్లో చూపించేవాటిలో ఎక్కువ భాగం జింకు కలిసినవి, 400 డిగ్రీల లోపు పనిచేస్తాయి. చిన్న రేకు ముక్క మీద అద్భుతంగా అతుకుతాయి. హెడ్ లాంటి పెద్ద ముద్దను ఆ వేడికి తేవాలంటే మొత్తం కాల్చాలి, సీట్ల ముచ్చట మళ్లీ మొదటికొస్తుంది. ఒకసారి జింకు పడిన చోట తర్వాత ఆర్గాన్ సరిగా పట్టదు కూడా. ఎపాక్సీ ముద్దలు కంటికి నిండుగా కనిపించడానికి తప్ప వేడిని మోయవు. కొసన చిన్న చిట్లు పూడ్చడానికి, అదీ ప్రదర్శనకు మాత్రమే తిరిగే బండికి వాడితే అభ్యంతరం లేదు. ప్లగ్ దగ్గర, ఎగ్జాస్ట్ వైపు వాడితే మాడిపోయి రాలుతుంది.

కంటికి కలవడం

అతుకు కనపడకుండా చేయడం వెల్డింగ్ కన్నా ఎక్కువ సమయం తింటుంది. ఉబ్బిన లోహాన్ని ఫ్లాప్ డిస్క్‌తో తీసి, చివర ఆకురాయితో దించాలి. ఆకురాయి పళ్ల మధ్య అల్యూమినియం ఇరుక్కుని గీతలు పడుతుంది, ముందుగా సుద్దముక్క రుద్దుకుంటే ఆ బాధ ఉండదు. ఫిన్ల సందులో హ్యాక్సా బ్లేడు ముక్కకు ఎమరీ కాగితం చుట్టి రుద్దడం కన్నా మంచి ఉపాయం ఇంకా రాలేదు. సందులో వెల్డింగ్ ముద్ద మిగిలిపోతే అది గాలికి అడ్డు. ముక్క లేని ఫిన్ కన్నా మూసుకుపోయిన సందు హాని.

నున్నగా చేసిన చోటు పోత గరుకు మధ్య మచ్చలా మెరుస్తుంది. మొద్దు పంచ్‌తో చిన్నచిన్న దెబ్బలు వేసి, ఆపైన గాజు పూసల బ్లాస్టింగ్ కొట్టిస్తే కలిసిపోతుంది. బ్లాస్టింగ్‌కు ముందు ప్రతి రంధ్రానికీ రబ్బరు బిరడా పడాలి, ఒక్క పూస ఆయిల్ దారిలో మిగిలినా బుష్ కోసేస్తుంది. ఇసుకతో కొట్టే చోట మాస్కు లేకుండా నిలబడకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది.

రంగు వేస్తే ఇంజన్ వేడెక్కుతుందన్న మాటకు కూడా పెద్దగా బలం లేదు. 50 మైక్రాన్ల పలచటి పూత వేడికి కలిగించే అడ్డు, గాలి పొర కలిగించే అడ్డులో నూటికి ఒక వంతు మాత్రమే. వేడి తట్టుకునే నల్ల మ్యాట్ రంగు ఒక పలచటి పూత నిశ్చింతగా వేసుకోవచ్చు. పాత రంగు మీద రంగు, దాని మీద ఇంకో రంగు, మధ్యలో పుట్టీ అయితే వేరే సంగతి.

యాభై ఏళ్లు దాటిన బండి అయితే ఇంకో లెక్క కూడా ఉంది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి బండ్లకు వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. రోజువారీ తిరగడానికి ఆ నంబరు పనికిరాదు, ర్యాలీలు, ప్రదర్శనల లాంటి వాటికే. ఆ దారిలో పోదలచుకున్నవాళ్లకు కొత్త నకలు హెడ్ కొని బిగించడం కన్నా పుట్టుకతో వచ్చిన హెడ్‌ను బాగుచేసుకోవడంలోనే అర్థం ఉంది. రోజూ పొలానికి, ఆఫీసుకు తిప్పే తొంభైల నాటి బుల్లెట్‌కు ఆ పట్టింపు అక్కర్లేదు. విరిగిన అంచును ఆకురాయితో గుండ్రంగా నున్నగా దించి, మొనదేలిన చీలికలు లేకుండా చేసి వదిలేస్తే దాని ఆయుష్షుకు ఢోకా లేదు.

వెల్డింగ్ నుంచి తిరిగొచ్చిన హెడ్‌ను అలాగే బిగించేయకూడదు. గ్యాస్కెట్ ముఖం మీద స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించి కింద ఫీలర్ గేజ్ (కొలిచిన మందాల సన్న ఉక్కు ఆకుల కట్ట) దూర్చి చూడాలి. 0.05 మిల్లీమీటర్ల ఆకు దూరితే ముఖం దించాల్సిందే. దళసరి అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే కొద్దిపాటి వంకర ఇంట్లోనే పోతుంది, ఎక్కువైతే లేత్‌కు. వాల్వులు కూర్చోబెట్టి పోర్టుల్లో థిన్నర్ పోసి పావుగంట చూడాలి. లోపలికి చెమ్మ దిగితే సీటు కదిలిందో, వాల్వు సరిగ్గా కూర్చోలేదో అర్థం. అన్నీ సరిగ్గా ఉంటే కొత్త గ్యాస్కెట్‌తో, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ పోవాలి. బండి ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక నట్ల బిగువు మళ్లీ సరిచూసి, ట్యాపెట్లు సర్దాలి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అతుకు మొదట్లో ఇంకోసారి డై కొట్టి చూస్తే, పగులు రావాలనుకుంటే ఈపాటికి వచ్చే ఉంటుంది.